భాషని మోసిన అచ్చాపీసు

ఓ చిన్న పట్నం. అందులో ఓ ప్రెస్సు. తండ్రి నుంచి కొడుక్కి, ఆ కొడుకు నుంచి అతని కొడుక్కి... ఆ తర్వాత ఓ కథా రచయిత్రికి! చేతులు మారినా యంత్రాలు మాత్రం దాదాపు రెండు వందల ఏళ్లు తిరుగుతూనే ఉన్నాయి. వేల్స్‌ దేశంలోని డెన్బీలో 'గీ ప్రెస్‌' కథ ఇది.

1887వ సంవత్సరం. ఉత్తర వేల్స్‌లోని డెన్బీషైర్‌ కొండపల్లెలు. వేలం వేసే మనిషి, అతని వెంట పోలీసులు ఊరి పొలిమేరలో కనపడగానే గుట్టమీంచి ఎవరో కొమ్ముబూర ఊదేవారు. అంతే... పొలాల్లో పని ఎక్కడిదక్కడ వదిలేసి రైతులు పరుగెత్తుకొచ్చేవారు. చర్చికి కట్టాల్సిన బాకీ కింద ఎవరి ఆవునో జప్తు చేసి వేలానికి పెడితే పాట పాడేవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. ఉండేదల్లా అరుపులూ కేకలూ కోడిగుడ్ల వానే!

చరిత్రలో దీన్ని 'దశమభాగ యుద్ధం' అంటారు. ఆ యుద్ధాన్ని ముందుండి నడిపినవాడు సైన్యాధికారి కాదు, రాజకీయ నాయకుడూ కాదు. డెబ్భై రెండేళ్ల ఓ ప్రెస్సు యజమాని. పేరు థామస్‌ గీ. ఆయన చేతిలో ఉన్న ఆయుధం వెల్ష్‌ భాషలో అచ్చయ్యే ఓ వార్తాపత్రిక.

అసలు ఆ పత్రిక అంత బలం ఎలా సంపాదించుకుంది? అది తెలియాలంటే ముందు అక్కడ అచ్చు యంత్రం ఎలా అడుగుపెట్టిందో చూడాలి.

'కె' ఎక్కడికి పోయింది?

వేల్స్‌ చిన్న దేశం. విభజనకు ముందున్న మన అనంతపురం జిల్లాకన్నా కాస్త పెద్దది, అంతే. జనాభా 31 లక్షలు. ఇంగ్లండును ఆనుకునే ఉన్నా వాళ్ల భాష ఇంగ్లిషుకి చాలా భిన్నమైనది. అయితే, ఆ భాషకి సొంత గడ్డమీద అచ్చయ్యే భాగ్యం చాలాకాలం దక్కలేదు. 17వ శతాబ్దం చివరిదాకా ఇంగ్లండు, వేల్స్‌లలో ప్రెస్సులన్నీ లండన్‌, ఆక్స్‌ఫర్డ్‌, కేంబ్రిడ్జి లాంటి కొద్ది చోట్లకే పరిమితం. వేరేచోట పెట్టడానికి చట్టం ఒప్పుకునేది కాదు. అందుకే వెల్ష్‌ పుస్తకాన్ని లండన్‌లో, ఆ భాష ఒక్క ముక్క కూడా తెలియని కంపోజిటర్లు అక్షరం అక్షరం పేర్చి అచ్చువేసేవారు.

దాని గుర్తు వెల్ష్‌ అక్షరమాలలో ఇప్పటికీ ఉంది. పాత వెల్ష్‌ రాతప్రతుల్లో 'కె' అక్షరం విరివిగా కనిపిస్తుంది. 1567లో కొత్త నిబంధనని వెల్ష్‌లోకి తెచ్చిన విలియం సాల్స్‌బరీ దాని బదులు 'సి' వాడాడు. ఎందుకయ్యా అంటే, వెల్ష్‌కి కావలసినన్ని 'కె'లు ప్రెస్సువాళ్ల దగ్గర లేవని జవాబిచ్చాడు! ఇంగ్లిషులో 'కె' వాడకం తక్కువ. దాంతో సీసపు అక్షరాలు కూడా తక్కువే పోత పోసుకునేవారు. అలా పోయిన 'కె' మళ్లీ రాలేదు. ఈరోజుకీ 29 అక్షరాల వెల్ష్‌ వర్ణమాలలో దానికి చోటు లేదు. అచ్చాపీసు ఎవరి చేతిలో ఉంటే భాష వాళ్లు చెప్పినట్టు వినాల్సి వస్తుందన్నమాట.

వేల్స్‌ గడ్డమీద చట్టబద్ధంగా, నిలకడగా నడిచిన తొలి ప్రెస్సుని 1718లో ఐజాక్‌ కార్టర్‌ అనే ఆయన పెట్టాడు. ఆ తర్వాత ఒక్కో పట్నంలో ఒక్కో అచ్చాపీసు మొదలైంది. అలా మొదలైనవాటిలో ఒకటే డెన్బీ ప్రెస్సు.

పద్నాలుగేళ్లకే ప్రెస్సులో

దాన్ని స్థాపించింది గీ కుటుంబం కాదు. థామస్‌ జోన్స్‌ అనే మతబోధకుడు తన పుస్తకాలు తానే అచ్చు వేసుకోవాలని 1808లో రుథిన్‌ అనే ఊళ్లో ప్రెస్సు పెట్టి, మరుసటేడాది పక్కనే ఉన్న డెన్బీకి తరలించాడు. ప్రెస్సు పనులు చూసుకోవడానికి ఓ యువకుణ్ని పెట్టుకున్నాడు. అతని పేరూ థామసే... థామస్‌ గీ. కొన్నేళ్లు గడిచాక యజమాని ఆ ప్రెస్సుని తన పనివాడికే అమ్మేశాడు. అలా గీ కుటుంబం సొంత వ్యాపారం మొదలుపెట్టింది.

1815 జనవరిలో ఆయనకి కొడుకు పుట్టాడు. తండ్రి పేరే పెట్టారు. ఈ చిన్న థామస్‌ గీ పద్నాలుగేళ్లకే తండ్రి దగ్గర పనిలో చేరాడు. ఇరవై రెండేళ్లప్పుడు లండన్‌ వెళ్లి, అక్కడ ప్రభుత్వ ముద్రణ చేసే 'ఐర్‌ అండ్‌ స్పాటిస్‌వుడ్‌' సంస్థలో మెలకువలు నేర్చుకున్నాడు. కావాలనుకుంటే అక్కడే స్థిరపడి ఉండొచ్చు. కానీ 1838లో మళ్లీ డెన్బీకే వచ్చేశాడు. 1845లో తండ్రి చనిపోవడంతో ప్రెస్సు పూర్తిగా ఆయన చేతికొచ్చింది.

పగలంతా సీసపు అక్షరాల మధ్య గడిపే గీ, ఆదివారం వచ్చిందంటే ప్రార్థనా మందిరంలో ప్రసంగించేవాడు. 1847లో కాల్వినిస్ట్‌ మెథడిస్ట్‌ శాఖలో బోధకుడిగా దీక్ష తీసుకున్నాడు కానీ దాన్ని ఎప్పుడూ జీతం తీసుకునే ఉద్యోగం చేసుకోలేదు. ఈ శాఖకి మన దేశంతోనూ సంబంధం ఉంది. 1841లో దాని తరఫున చిరపుంజి వచ్చిన థామస్‌ జోన్స్‌ అనే మరో మిషనరీ ఖాసీ భాషకి రోమన్‌ లిపిలో రాత ఏర్పరచాడు. ఖాసీ అక్షరమాలలో ఇప్పటికీ 'జి' పక్కనే 'ఎన్‌జి' అనే జంట అక్షరం ఉంటుంది. అచ్చం వెల్ష్‌లో ఉన్నట్టే!

బడిలో దండన, గుడిలో చదువు

థామస్‌ గీ ప్రెస్సు చేతికి తీసుకున్న రోజుల్లో వెల్ష్‌ మాట్లాడటమే నామోషీ అనిపించే పరిస్థితి ఉండేది. చాలా బళ్లలో పిల్లలు పొరపాటున అమ్మభాషలో మాట్లాడితే మెడలో చెక్కముక్క తగిలించేవారు. దాని పేరు 'వెల్ష్‌ నాట్‌'. అది వేసుకున్న పిల్లాడు మరొకరు వెల్ష్‌ మాట్లాడటం వింటే వాళ్ల మెడకి మార్చాలి. సాయంత్రానికి అది ఎవరి మెడలో ఉంటే వాళ్లకి దెబ్బలు. 1847లో వేల్స్‌ చదువుల మీద ప్రభుత్వం వేయించిన నివేదిక మరీ ఘోరం. వెల్ష్‌ జనం వెనకబాటుకీ నీతి లేకపోవడానికీ వాళ్ల భాషే కారణమన్నట్టుగా రాసిపారేశారు. ఆ సంపుటాల నీలి అట్టలు తలచుకుని వెల్ష్‌ ప్రజలు ఇప్పటికీ దాన్ని 'నీలి పుస్తకాల ద్రోహం' అంటారు.

అయితే, బడిలో దొరకని చదువు వాళ్లకి ప్రార్థనా మందిరంలో దొరికింది. అక్కడి ఆదివారం బడికి పిల్లలే కాదు, తల్లులూ తండ్రులూ తాతలూ వెళ్లేవారు. బైబిలు చదవడం కోసం వెల్ష్‌ అక్షరాలు నేర్చుకునేవారు. అంటే, గనిలో దిగే కూలీకీ గొర్రెలు కాసే రైతుకీ కూడా వెల్ష్‌ చదవడం వచ్చు. కానీ చదవడానికి పుస్తకాలేవి? థామస్‌ గీ సరిగ్గా అక్కడే అవసరాన్ని చూశాడు.

1845లోనే లూయిస్‌ ఎడ్వర్డ్స్‌, రోజర్‌ ఎడ్వర్డ్స్‌ మొదలుపెట్టిన సాహిత్య త్రైమాసిక పత్రిక 'ట్రైథోదిద్‌' ఆయన ప్రెస్సులోనే పుట్టింది. ఆ తర్వాత 1854లో ఎవరూ ఊహించని పని తలకెత్తుకున్నాడు. ఏకంగా వెల్ష్‌ భాషలో విజ్ఞాన సర్వస్వం! బాలా పట్నానికి చెందిన పండితుడు జాన్‌ ప్యారీ సంపాదకుడు. వ్యాసాలు రాసినవాళ్లలో ఎక్కువమంది మతబోధకులే. భాగాలు భాగాలుగా అచ్చువేస్తూ పోతే పూర్తవడానికి పాతికేళ్లు పట్టింది. మధ్యలో 1874లో ప్యారీ చనిపోయాడు. అయినా పని ఆగలేదు. 1879 నాటికి పది సంపుటాలు, దాదాపు 9 వేల పేజీలు సిద్ధమయ్యాయి. ఖర్చు సుమారు 20 వేల పౌండ్లు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద మొత్తమంటే ఓ చిన్న పట్నంలోని ప్రెస్సుని నిలువునా ముంచెయ్యగలదు. కానీ మునగలేదు సరికదా 1889-96 మధ్య రెండో ముద్రణ కూడా వేశారు. సైన్సూ చరిత్రా భూగోళమూ... ఏదైనా అమ్మభాషలో చెప్పొచ్చని నిరూపించడానికి ఆ పది సంపుటాలే సాక్ష్యం.

ఎగిరిన జెండా

సాహసాలన్నిటిలోకీ పెద్దది మాత్రం వార్తాపత్రిక. వెల్ష్‌లో తొలి వారపత్రిక 'సెరెన్‌ గోమెర్‌' 1814లో స్వాన్సీలో పుట్టి మరుసటేడాదే మూతపడింది. కారణం పాఠకులు లేక కాదు, పన్ను. అప్పట్లో ప్రతి వార్తాపత్రిక మీదా ప్రభుత్వ స్టాంపు పడాలి. కాపీకి నాలుగు పెన్నీలు దానికే పోయేవి. 1843లో లివర్‌పూల్‌లో మొదలైన 'అమ్‌సెరై' పత్రికైతే ఆ పన్ను తప్పించుకోవడానికి కొంతకాలం ఐల్‌ ఆఫ్‌ మ్యాన్‌ దీవిలో అచ్చువేసి తెచ్చుకుంది!

1855లో స్టాంపు పన్ను రద్దయింది. ఆ తర్వాత గీ ఎక్కువ కాలం ఆగలేదు. 1857 మార్చి 4, బుధవారం నాడు డెన్బీ ప్రెస్సులోంచి 'బానెర్‌ కమ్రి' తొలి సంచిక బయటికొచ్చింది. అంటే 'వేల్స్‌ జెండా' అని. 1859లో 'అమ్‌సెరై'ని కూడా కలుపుకుని 'బానెర్‌ ఆక్‌ అమ్‌సెరై కమ్రి' అయింది. అంత పొడుగు పేరు ఎవరు పలుకుతారు? జనం నోట అది 'వానెర్‌'గా నిలిచిపోయింది. 1861 నుంచి వారానికి రెండుసార్లు రావడం మొదలైంది.

అందులో ఏముండేవి? పార్లమెంటు కబుర్లు, పశువుల సంతలో ధరలు, ప్రార్థనా మందిరాల వార్తలు, కవితలు, వాదోపవాదాలు... అన్నీ. 'అమ్‌సెరై' సంపాదకుడు విలియం రీస్‌ అప్పటికే ఓ దారి వేసి ఉంచాడు. ఆయన ఓ ముసలి రైతు రాసినట్టుగా, అచ్చం పల్లెయాసలో ఉత్తరాలు రాసేవాడు. రాజకీయాలు పల్లెటూరి వంటింట్లోకి వచ్చింది వాటివల్లే. ఇక 'వానెర్‌'కి లండన్‌ నుంచి జాన్‌ గ్రిఫిత్‌ రాసే ఉత్తరాలంటే పాఠకులకి ప్రాణం. 'అ గోహెబిద్‌' అనేది ఆయన కలం పేరు. విలేకరి అని దానర్థం. ఇంగ్లిషు రాని రైతు కూడా లండన్‌లో ఏం జరుగుతోందో తన భాషలోనే తెలుసుకోగలిగాడు.

తెలుసుకున్నవాడు ఊరుకోడుగా! 1868 ఎన్నికల్లో వేల్స్‌ కౌలురైతులు చాలామంది భూస్వాముల మాట కాదని లిబరల్‌ పార్టీకి ఓటేశారు. అప్పట్లో ఓటు రహస్యం కాదు, అందరి ముందూ చెప్పాలి. ఫలితంగా ఎంతోమందిని పొలాల్లోంచి వెళ్లగొట్టారు. 'వానెర్‌' వాళ్ల పక్షాన నిలబడింది. రహస్య ఓటు కావాలన్న గొంతుల్లో గొంతు కలిపింది. 1872లో ఆ చట్టం వచ్చింది.

ఆవులు, బూరలు, అచ్చుసిరా

ఇక దశమభాగం సంగతి. పంటలో పదోవంతు చర్చికివ్వాలన్నది పాత ఆచారం. 1836లో దాన్ని నగదు రూపంలోకి మార్చారు. చిక్కేమిటంటే, ఆ సొమ్ము వెళ్లేది ప్రభుత్వ మతమైన ఆంగ్లికన్‌ చర్చికి. కట్టాల్సిన వెల్ష్‌ రైతుల్లో ఎక్కువమంది ఆ చర్చి గడపే తొక్కరు. వాళ్ల మందిరాలు వేరు, వాటి ఖర్చు వేరే పెట్టుకోవాలి. 1880ల్లో పంటల ధరలు పడిపోయాయి. కాస్త తగ్గించమని రైతులు అడిగారు. చాలాచోట్ల కాదన్నారు. దాంతో కట్టమని భీష్మించారు. జప్తులు మొదలయ్యాయి.

1886లో థామస్‌ గీ చొరవతో డెన్బీషైర్‌ రైతుల కోసం ఓ సంఘం ఏర్పడింది. పక్క జిల్లాలో అలాంటి సంఘానికి కార్యదర్శిగా పనిచేసిన కుర్ర లాయరు పేరు లాయిడ్‌ జార్జ్‌. తర్వాతి కాలంలో బ్రిటన్‌ ప్రధానమంత్రి అయింది ఆయనే! 1887 మేలో లాంగూమ్‌ గ్రామంలో వేలానికి వచ్చినవాళ్ల మీద జనం తిరగబడ్డారు. 31 మంది మీద కేసులు పెట్టారు. ఆ మరుసటి నెల మోఖ్‌డ్రె గ్రామంలో పోలీసులకీ జనానికీ జరిగిన ఘర్షణలో ఎందరో గాయపడ్డారు. 'వానెర్‌' పేజీలు ఆ వార్తలతో నిండిపోయేవి. ఓ ఊరి రైతు పడిన బాధ పక్క ఊరి రైతుకి తెలిసేది. చివరికి 1891లో ప్రభుత్వం దిగొచ్చింది. దశమభాగం కట్టే బాధ్యత కౌలురైతుల మీంచి తీసి భూస్వాముల మీద పెట్టింది.

ఈలోగా, 1889లో కొత్తగా ఏర్పడిన డెన్బీషైర్‌ కౌంటీ కౌన్సిల్‌కి తొలి అధ్యక్షుడిగా థామస్‌ గీనే ఎన్నుకున్నారు. 1898 సెప్టెంబరులో, ఎనభై మూడేళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. వేల్స్‌లో ఆంగ్లికన్‌ చర్చికున్న ప్రభుత్వ హోదా పోవాలని ఆయన జీవితమంతా రాశాడు. ఆ చట్టం 1914లో వచ్చింది, అమల్లోకొచ్చింది 1920లో. చూడటానికి ఆయన లేడు.

కథలు ఆపుకున్న కథకురాలు

కుటుంబ వ్యాపారాలన్నిటికీ ఓ గండం ఉంటుంది. పెద్దాయన తర్వాత ఎవరు? థామస్‌ గీ తర్వాత కొడుకు హవెల్‌ గీ బాధ్యత తీసుకున్నాడు. కానీ అయిదేళ్లకే, 1903లో ఆయనా చనిపోయాడు. కాలక్రమంలో ప్రెస్సు గీ కుటుంబం చేతుల్లోంచి వెళ్లిపోయింది. పత్రిక కూడా ఊరు విడిచి అబెరిస్ట్‌విత్‌ చేరింది. మరోపక్క భాషకీ గడ్డురోజులొచ్చాయి. 1901లో వేల్స్‌ జనంలో సగం మంది వెల్ష్‌ మాట్లాడేవారు. 1921కల్లా అది 37 శాతానికి పడిపోయింది.

అలాంటి సమయంలో, 1935లో ఓ జంట ఆ ప్రెస్సుని కొని డెన్బీకి కాపురం వచ్చింది. భర్త మోరిస్‌ విలియమ్స్‌. భార్య కేట్‌ రాబర్ట్స్‌. పలకరాతి గని కార్మికుడి కూతురు. టీచరుగా పనిచేసింది. మొదటి ప్రపంచయుద్ధం 1917లో తమ్ముణ్ని బలి తీసుకుంటే ఆ దుఃఖంలోంచే కథలు రాయడం మొదలుపెట్టింది. అప్పటికే వెల్ష్‌ కథకుల్లో ఆమెకి సాటి లేరు. కొన్నేళ్లకి 'వానెర్‌' కూడా మళ్లీ గీ ప్రెస్సు గూటికే చేరింది. ఇంటిపేరు గీ కాకపోయినా ప్రెస్సు మరోసారి ఓ కుటుంబం చేతిలో ఊపిరి పోసుకుంది.

1939 నుంచి ప్రముఖ రచయిత సాండర్స్‌ లూయిస్‌ అందులో వారం వారం ప్రపంచ రాజకీయాల మీద వ్యాసాలు రాశాడు. అంతకుముందు, 1936లో వేల్స్‌లో బాంబింగ్‌ శిక్షణ కేంద్రం పెట్టడాన్ని నిరసిస్తూ అక్కడ నిప్పు పెట్టి జైలుకెళ్లొచ్చిన మనిషాయన. దాంతో యూనివర్సిటీ ఉద్యోగం పోయింది. అలాంటి మనిషికి పన్నెండేళ్ల పాటు, 1951 దాకా, పేజీలో చోటిచ్చింది 'వానెర్‌'.

1946 జనవరిలో మోరిస్‌ హఠాత్తుగా చనిపోయాడు. కేట్‌కి అప్పటికి యాభై నాలుగేళ్లు. పిల్లల్లేరు. ప్రెస్సు అమ్మేసి హాయిగా కథలు రాసుకోవచ్చు. కానీ అమ్మలేదు. పనివాళ్లు, జీతాలు, కాగితం కొరత, ప్రూఫులు, ఉత్తరాలు... అన్నీ తలకెత్తుకుని మరో పదేళ్లు ఒంటిచేత్తో నడిపింది. దానికి ఆమె చెల్లించిన మూల్యం ఏమిటో ఆమె పుస్తకాల జాబితా చూస్తే తెలుస్తుంది. 1937లో ఓ కథల సంపుటి. ఆ తర్వాత మళ్లీ కథా పుస్తకం వచ్చింది 1949లోనే. మధ్యలో పన్నెండేళ్లు ఖాళీ. తనకాలంలో అందరికన్నా గొప్పగా రాయగల మనిషి, ఇతరుల రాతలు అచ్చువేయడానికే ఆ ఏళ్లు ఖర్చుపెట్టింది.

1956లో ఆమె ప్రెస్సు బాధ్యత వదులుకుంది. ఆ వెంటనే కట్టలు తెగినట్టు... 1959లో, 1960లో, 1962లో వరుసగా పుస్తకాలు వచ్చాయి. వాటిలో బాల్యం గురించి రాసిన 'టే అన్‌ అ గ్రిగ్‌' కథల్ని వెల్ష్‌ పిల్లలు ఇప్పటికీ చదువుకుంటున్నారు. వెల్ష్‌వాళ్లు 'మా సాహిత్యానికి రాణి' అని పిలుచుకునే కేట్‌ రాబర్ట్స్‌ 1985లో, తొంభై నాలుగో ఏట డెన్బీలోనే కన్నుమూసింది.

యంత్రం ఆగింది, మాట ఆగలేదు

ఆమె తర్వాత ప్రెస్సు మరికొందరి చేతుల్లో నడిచింది. కానీ కాలం మారిపోయింది. ఆఫ్‌సెట్‌ యంత్రాలొచ్చాక సీసపు అక్షరాల అవసరం తీరిపోయింది. రేడియో, టీవీ వార్తల్ని అరచేతికి తెచ్చాయి. అన్నిటికీ మించి పాఠకులే తగ్గిపోయారు. 1992లో 'వానెర్‌' ఆగిపోయింది. 2001లో గీ ప్రెస్సూ మూతపడింది. మొదలైనప్పటినుంచి లెక్కేస్తే 193 ఏళ్లు!

విచిత్రమేమిటంటే ప్రెస్సు మూతపడిన ఏడాదే జరిగిన జనాభా లెక్కల్లో వెల్ష్‌ మాట్లాడేవాళ్లు కాస్త పెరిగారు. 20.8 శాతానికి చేరారు. బళ్లలో వెల్ష్‌ నేర్పడం తప్పనిసరి చెయ్యడం దానికి ఓ కారణం. ఆ సంతోషం నిలవలేదు. 2021 నాటికి అది 17.8 శాతానికి తగ్గింది. అంటే 5 లక్షల 38 వేల మంది. 2050 కల్లా ఆ సంఖ్యని పది లక్షలు చెయ్యాలని వేల్స్‌ ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. మరోపక్క 1973 నుంచి ఊరూరా 'పాపిర్‌ బ్రో' పేరుతో చిన్న చిన్న వెల్ష్‌ పత్రికలు పుట్టుకొచ్చాయి. వాటిని నడిపేది జీతగాళ్లు కాదు. ఆ ఊరి టీచర్లు, రైతులు, గృహిణులు. వార్తలు రాసేదీ వాళ్లే, ఇంటింటికీ పంచేదీ వాళ్లే. ఓ ప్రెస్సు మోసిన బరువుని ఇప్పుడు చాలా చేతులు పంచుకున్నాయన్నమాట.

వేల్స్‌ జాతీయ గ్రంథాలయం 1919 వరకూ వచ్చిన పాత పత్రికల పేజీల్ని 11 లక్షలకు పైగా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. ఒకప్పుడు కాపీకి నాలుగు పెన్నీల పన్ను కట్టలేక పత్రిక మూతపడిన దేశమది! లాంగూమ్‌లో బూర ఊదిన రోజుల గురించి తెలుసుకోవాలంటే ఇప్పటి వెల్ష్‌ పిల్లలు ఇంగ్లిషు పుస్తకాలే వెతుక్కోనక్కర్లేదు. ముత్తాతల భాషలో, ఆనాడు అచ్చయిన అక్షరాల్లోనే చదువుకోవచ్చు.